పెదవి మీది మాట

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ వాగింది మా చెవిటి పిల్లే. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పింకీకి అప్పటికి ఏడేళ్లు. పుట్టుకతోనే వినికిడి లేదు. అటువంటిది ఆ ఏప్రిల్‌లో మొదలుపెట్టి మృగశిర వచ్చేదాకా దాని నోరు మూతపడితే ఒట్టు. అరచెయ్యి మూతి ముందు పెట్టుకుని "పా... పా..." అని ఊదుకోవడం, ముక్కు పట్టుకుని "మ్... మా" అని మూలగడం. మా అత్త సత్తెమ్మ నవ్వలేక చచ్చేది.

"ఇదేం ఊదుడే తల్లీ! పొయ్యి లేకుండనే ఊదుతున్నది" అనేది.

అదంతా మా ముందు గదిలో కిరాయికున్న పుణ్యవతి టీచర్ చలవ. ఆమె చేసిన మంచి దాచను. చేసిన రెండో పని కూడా దాచను.

మాది రాళ్లకుంట. మాదాపూర్ వెనకాల, గుట్టల కింద ఓ చిన్న బస్తీ. అప్పుడు మా గుట్టల మీద గుండ్రటి అద్దాల మేడ లేస్తోంది. కంప్యూటర్ల ఊరు వస్తుందని, ముఖ్యమంత్రి వస్తాడని, దొరలు దిగుతారని అందరూ చెప్పుకునేవారు. మాకు దిగినవి మాత్రం దుమ్మూ, చప్పుడూ. రోజూ బండలు పేల్చేవారు. మేం ఉలిక్కిపడి చెవులు మూసుకుంటే, పింకీ అరికాళ్ల కింద నేల అదిరిందని సంబరంగా గెంతేది. మా ఆయన నరేందర్ ఆ కట్టుబడికే ట్యాంకర్‌తో నీళ్లు తోలేవాడు.

బస్తీ బడి మా ఇంటికి రెండు సందుల అవతల. అంతకుముందు రెండు జూన్‌లు పింకీని తీసుకుపోయాం. రెండుసార్లూ వద్దన్నారు. "మాకు చేతగాదమ్మా, పట్నంల గట్లాంటి పిల్లల బడి ఉన్నది, హాస్టల్ ఉన్నది, ఆడ ఎయ్యిండ్రి" అన్నారు. నరేందర్ ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. కడుపులో నొప్పి వస్తే ఎక్కడ నొప్పో చెప్పడం రాని పిల్ల. నా కొంగు పట్టుకోకుండా నిద్రపోని పిల్ల. దాన్ని ఎవరికో అప్పజెప్పి నేను ఇంట్లో కూర్చుని అన్నం ఎలా తినాలి?

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం పుణ్యవతి టీచర్ బడి నుంచి వచ్చి, చేతిసంచీ భుజాన ఉండగానే మా వంటింటి గడప దగ్గర నిలబడింది. ఆమెది గుడివాడ వైపు. ఆ బస్తీ బడిలోనే ఒకటో తరగతి చెప్పేది. భర్తకు బాలానగర్‌లో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. పిల్లలు ఇంకా లేరు.

"భూలక్ష్మి గారూ, ఒక్క మాట చెప్పాలండీ. సెలవుల్లో మాకు ట్రైనింగ్ వేశారు. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు... వీళ్లని మామూలు బళ్లలోనే అందరితో పాటు చదివించాలట. ఎలా చదివించాలో టీచర్లకి నేర్పిస్తారట. మా బడి నుంచి నేను వెళ్తున్నానండీ."

"మంచిదే గద టీచరమ్మా" అన్నాను. రొట్టెలు చేస్తున్నాను, చేతులనిండా జొన్నపిండి.

"ఒక్కో టీచరూ ఒక్కో బిడ్డని పెట్టుకుని, నేర్చుకున్నదంతా ఆ బిడ్డతో చేసి చూడాలండీ. ఆఖర్న అందరి ముందూ పాఠం చెప్పి చూపించాలి. నేను పింకీని పెట్టుకుంటాను, మీరు సరే అంటే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేవుందండీ, జూన్‌లో నా క్లాసులోనే కూర్చుంటుంది. మీ పిల్ల నా పిల్లనుకోండి."

పిండి చేతులతోనే ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను.

నరేందర్ మాత్రం అంత తొందరగా పొంగిపోలేదు. "సరే, జూన్ దాక చూద్దాం. అప్పుడు గిన తీస్కోకుంటే మాత్రం హాస్టలే. మల్ల నువ్వు అడ్డం వడొద్దు" అన్నాడు. వడను అన్నాను. ఎందుకు పడతాను, నా బిడ్డ బడి ఖాయమైపోయిందని నాకప్పుడే తెలిసిపోయినట్టు!

ఇక చూడండి మా ఇంటి సంగతి. టీచర్ పొద్దున్నే బస్సెక్కి బాలానగర్ పోయేది, మధ్యాహ్నం ఎండకు కందిపోయిన ముఖంతో వచ్చేది. ఇంత మజ్జిగ తాగి, రేకుల నీడలో పింకీని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. ఒక అద్దం, కొన్ని కాగితం ముక్కలు, బొమ్మల అట్టలు. అంతే సామాను. కానీ ఆ ట్రైనింగ్ ఆమెకొక్కదానికే కాదు, మా ఇంటిల్లిపాదికీ ఇచ్చింది. పింకీతో మాట్లాడేటప్పుడు వీపు తిప్పకూడదు. వెలుగు మాట్లాడేవాళ్ల ముఖం మీద పడాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. అరవకూడదు, అరిస్తే పెదవులు వంకరపోతాయి. మా అత్తకు మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు.

"పెద్దమ్మగారూ, కొంగు తీయండి, మీ మనవరాలికి మీ మాట కనబడాలి" అనేది టీచర్.

"మాట కనవడుడేందమ్మా! నా జన్మల వినలే" అని మా అత్త కొంగు తీసి, పళ్లు లేని బోసినోరు బారెడు తెరిచి, "పిం... కీ..." అనేది. పింకీ పడిపడి నవ్వేది.

నరేందర్‌కు మంచి బలిసిన మీసం ఉండేది. పై పెదవి కనిపించేది కాదు. మీసాల వాళ్ల మాట పిల్లకు అందదని టీచర్ ఏదో మాటల్లో అన్నది. మర్నాడు డ్యూటీకి పోయిన మనిషి నున్నటి మూతితో ఇంటికి వచ్చాడు. మా అత్త చూసి గుండెలు బాదుకుంది.

"మీ అయ్య పోయిన నాడు తీసినవ్, ఇప్పుడెవ్వరు పోయిండ్రురా!"

"ఎవ్వరు పోలేదే అమ్మా. నా బిడ్డకు నా మాట రావాలె" అన్నాడు. అని పింకీ ముందు కూర్చుని "నాన్న" అన్నాడు. అది ఆయన పెదవినే చూసి, "నా... న" అన్నది. ఆయన లేచి గోడ వైపు తిరిగి చాలాసేపు తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. అంత చేశాం మేం.

అప్పటికి టీచర్ నన్ను గారూ అనడం మానేసి వదినా అంటోంది. నేనూ ఆమెను వదినా అనే పిలుస్తున్నాను.

ఒకరోజు టీచర్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు బయటికి రాకుండా ఒట్టి పెదవులతో ఏదో అన్నది. "ఏమన్నాను వదినా?" అని అడిగింది.

"పాట" అన్నాను.

"కాదు." మళ్లీ అన్నది.

"గిప్పుడూ పాటనే గద."

"అప్పుడన్నది మాట. ఇప్పుడన్నది బాట." చప్పట్లు కొట్టి నవ్వింది. "చూశారా, మూడూ పెదవి మీద ఒకటే. చెవి ఉండబట్టి మనకి తేడా తెలుస్తోంది. ప అంటే గాలి తగులుతుంది, కాగితం కదులుతుంది. మ అంటే ముక్కు అదురుతుంది. బ అంటే గొంతు. అందుకే పింకీ చేత చెయ్యి పెట్టించి చెప్తున్నాను."

"మరి దూరం నుంచి చూస్తే?"

"దూరం నుంచయితే ఊహే. తనకి తెలిసిన మాట ఏదుంటే అదే అనుకుంటుంది."

బొమ్మల అట్టల్లో సూర్యుడి బొమ్మ దగ్గర పింకీకి నాలుక తిరగలేదు. సూర్యుడు అనమంటే "ఊ... ఊ" అని మొరాయించేది. "మేమైతే పొద్దు అంటం గద, అది చెప్పరాదు" అన్నాను. టీచర్ కళ్లు మెరిశాయి.

"పొద్దు! భలే మాట వదినా. ప దగ్గర గాలొస్తుంది, ద్దు దగ్గర నాలుక కనబడుతుంది. ఇంతకన్నా ఏం కావాలి!"

గంటసేపట్లో పట్టేసింది. ఆ మాట దానికి ఎంత నచ్చిందో చెప్పలేను. తెల్లారేసరికి మమ్మల్ని చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కుపోయి, గుట్టల మీదికి వేలు చూపించి "పొద్దు!" అని అరిచేది. సగం కట్టిన ఆ మేడ వెనకాలి నుంచి ఎండ వస్తుంటే, అదేదో తనే పిలిచినట్టు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది. నచ్చినదేదైనా పొద్దే. కొత్త గౌను పొద్దు. నాయనమ్మ పెట్టిన బెల్లం ముక్క పొద్దు.

మే నెలాఖరుకు ఆ ఆఖరి పాఠం రోజు వచ్చింది. నేనూ పింకీతో బాలానగర్ పోయాను. పెద్ద హాలు, కుర్చీలనిండా టీచర్లు, ముందు వరసలో పెద్ద ఆఫీసర్లు. పుణ్యవతి టీచర్ వంతు వచ్చింది. పాట, మాట, బాట మూడు బొమ్మలు బల్ల మీద పరిచింది. పింకీ అరచెయ్యి తన ముఖానికి ఆనించుకుని ఒక్కో మాటా అన్నది. పింకీ ఆ బొమ్మ మీదే వేలు పెట్టింది, ఒక్కసారి కూడా తప్పలేదు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు దానికి వినబడవు కదా, టీచర్ అందరినీ చేతులెత్తి ఊపమన్నది. అన్ని చేతులు ఒక్కసారి గాలిలో ఊగేసరికి నా బిడ్డ మురిసిపోయి తనూ రెండు చేతులెత్తి ఊపింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఒక ఆఫీసరు లేచి, "పాప ఏ బడి?" అని అడిగాడు.

"మా బడేనండీ. జూన్ నుంచి నా క్లాసే" అన్నది పుణ్యవతి. మైకులో అన్నది. అందరి ముందూ అన్నది.

ఇలాంటి టీచర్లే మిగతా టీచర్లకు నేర్పాలి అని ఆయన అన్నాడు. వచ్చేటప్పుడు బాలానగర్ చౌరస్తాలో చెరుకురసం తాగుతూ, "ఇదంతా పింకీ వల్లే వదినా" అని టీచర్ దాని బుగ్గ పుణికింది.

జూన్‌లో బడి తెరిచారు. కొత్త పలక, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, కొత్త గౌను. మా అత్త దిష్టి తీసి పంపింది. నరేందర్ ట్యాంకర్ ఆపి బడి గేటు దాకా వచ్చి, "మంచిగ సదువుకో బిడ్డా" అని వంగి, పెదవులు కనబడేటట్టు చెప్పి పోయాడు.

ఆ రోజు బడి వెనకాల గుట్టకు డ్రిల్లింగ్ పెట్టారు. ఆ మిషను చప్పుడుకు వరండాలో పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడటం లేదు. పుణ్యవతి టీచర్ మమ్మల్ని వరండాలో ఉండమని చెప్పి హెడ్మాస్టర్ గదిలోకి పోయింది. హెడ్మాస్టర్ ఓంకార్ సార్ మాదాపూర్ మనిషే, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన ఎదుట నిలబడి టీచర్ మాట్లాడుతోంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. పింకీ కిటికీ ఊచలు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి లోపలికి చూస్తోంది.

కాసేపటికి టీచర్ బయటికి వచ్చింది. కళ్లలో నీళ్లు. నన్ను గేటు దాకా తీసుకువచ్చింది.

"వినలేదు వదినా. ఎంత చెప్పినా వినలేదు. పై నుంచి ఆర్డరు లేదంటారు, నా బడిలో కుదరదంటారు. నా ట్రైనింగ్ అంతా బూడిదలో పోసినట్టయింది."

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆమె కళ్లు నా కొంగుతో తుడిచాను. "ఏడ్వకు వదినా, నువ్వేం జేస్తవ్. నీ చేతనైంది చేసినవ్" అని ఆమెనే ఓదార్చాను. మా గతి ఇది.

ఇంటికి వచ్చాక పింకీ సాయంత్రం దాకా రిబ్బన్లు విప్పనియ్యలేదు. హుషారుగా గంతులేస్తోంది. దగ్గరికి పిలిచి, బడి లేదు అని చెబుదామని కూర్చోబెట్టాను. నేను నోరు తెరిచేలోపు అదే మొదలుపెట్టింది.

"టీచర్. పింకీ. పొద్దు."

"ఏందే?"

"టీచర్." కిటికీ ఊచలు పట్టుకున్నట్టు చేతులు పెట్టి చూపించింది. "పింకీ... పొద్దు."

టీచర్ తనను సార్ దగ్గర పొద్దు అన్నదట! అయ్యో తల్లీ, ఎంత మంచిగా మాట్లాడిందో పాపం, ఆయనే వినలేదు కదా అనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "ఎట్లన్నది? అను" అని అడిగాను, ఊరికే.

పింకీ లేచి నిలబడింది. టీచర్ ఎలా చేస్తే అలా చెయ్యడం ఆ ఎండాకాలమంతా దాని పని కదా. ముఖం అచ్చం టీచర్ ముఖంలా పెట్టింది. కనుబొమలు పైకెత్తింది. మూతి ఒక పక్కకు విరిచింది. చెయ్యి గాలిలో అడ్డంగా ఊపింది, ఇక లాభం లేదన్నప్పుడు ఊపినట్టు. తల అడ్డంగా ఆడించింది. అప్పుడు "పింకీ... పొద్దు" అన్నది. అని, తన సొంత ముఖంతో నా వైపు తిరిగి నవ్వింది.

పొద్దు అంటూ ఎవరైనా మూతి విరుస్తారా?

గబుక్కున లేచి టీచర్ అద్దం తీసుకుని నా పెదవులు చూసుకున్నాను. పొద్దు. బొద్దు. మొద్దు. ఒకటే. మూడూ ఒకటే.

మొద్దు అనే మాట మా పింకీకి తెలియదు. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం. వీధిలో ఎవరైనా అంటే మా అత్త వాళ్ల వంశాన్ని మొత్తం దులిపేసేది. దానికి తెలిసింది పొద్దే, అదే అనుకుంది.

నేరుగా బడికి పోయాను. ఓంకార్ సార్ ఇంటికి బయలుదేరుతున్నాడు. సైకిల్ స్టాండు తీసి నిలబడ్డాడు.

"సార్, మా పిల్లను ఎందుకొద్దన్నరు?"

"నేనెక్కడ వద్దన్ననమ్మా? టీచర్ ఒప్పుకుంటే నాకేం ఫికర్? ఆమెనే అన్నది, ఈ పోరికి చదువు ఎక్కదు సార్, దీంతోని కాదు అని."

"ఇంకేమన్నది?"

ఆయన నా ముఖం చూసి కాస్త తటపటాయించాడు. మీసం దువ్వుకున్నాడు. "అవన్నీ ఎందుకులే అమ్మా. నాకేం తెలుస్తది చెప్పు. ట్రైనింగ్ అయిన టీచరే కాదన్నంక నేనెట్ల తీస్కుందు? నిన్నటిదాక ఎవరన్నా వద్దంటే అది వాళ్ల మాట. ఇప్పుడు ఆమె వద్దంటే సర్కారు మాటనే గద."

చూశారా. పిల్లల్ని తీసుకోవడం నేర్చుకొమ్మని పంపితే, వద్దనే అధికారం సంపాదించుకు వచ్చిందన్నమాట.

నేను ఇంటికి వచ్చేసరికి పుణ్యవతి ముందు గదిలో చీరలు మడతపెడుతోంది. నేను గడప దాటి లోపలికి పోలేదు.

"టీచరమ్మా, మా పిల్ల మొద్దా?"

చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఎవరు చెప్పారని అడగలేదు. కాదని అనలేదు. మెల్లగా మంచం మీద కూర్చుంది.

"కాదండీ. నాకు తెలుసు కాదని. నాకన్నా ఎవరికి తెలుసు!"

"మరెందుకన్నవ్?"

"మా క్లాసులో డెబ్బై మంది పిల్లలండీ. ఒకే గదిలో రెండు తరగతులు. బోర్డు మీద రాయాలంటే వీపు తిప్పాలి. వీపు తిప్పితే ఆ పిల్లకి పాఠం లేదు. తన వైపే చూస్తూ కూర్చుంటే మిగతావాళ్లకి పాఠం లేదు. పైగా నన్ను వేరే మండలాల్లో టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వమంటున్నారు. వారంలో మూడు రోజులు నేనే ఉండను. అప్పుడు తనని ఎవరు చూస్తారు చెప్పండి?"

"గిదే ఆయనకు చెప్పొచ్చు. గిదే నాకు చెప్పొచ్చు. నాకు సమజ్ గాదా?"

తల వంచుకుంది. "అలా చెబితే సార్, కొన్నాళ్లు చూడమ్మా అంటారండీ. ఈ మాటంటే ఇక మళ్లీ అడగరు."

అరిచి గోల చేస్తే అయిపోయేది. మాకు నువ్వే దిక్కనుకున్నాం. నరేందర్ మూతి గొరిగించుకున్నాడు. మా ముసలిది కొంగు తీసి మాట్లాడటం నేర్చుకుంది. నువ్వు మాత్రం మా బిడ్డను మెట్టు చేసుకుని ఎక్కి, ఎక్కిన తర్వాత ఆ మెట్టునే తన్నేశావు. ఇవన్నీ అనాలనుకుని ఒక్కటీ అనలేదు.

అంతలో పింకీ పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. పాఠమేమో అనుకుంది కాబోలు, టీచర్ ఒళ్లోకి ఎగబాకి, తన అరచెయ్యి తనే ఆమె ముఖానికి ఆనించింది. ముక్కూ పెదవులూ కలిపి. ఆనించి ఎదురుచూస్తోంది.

"అను" అన్నాను నేను. "ఇప్పుడు అను. సార్‌కు ఏం చెప్పినవో, నా బిడ్డకు గూడ చెప్పు."

పుణ్యవతి కళ్ల నుంచి నీళ్లు కారి పింకీ వేళ్ల మీద పడుతున్నాయి. పింకీ చెయ్యి తియ్యలేదు, అలాగే ఓపిగ్గా చూస్తోంది. ఆఖరికి ఆమె పెదవులు కదిలాయి.

"పొద్దు" అన్నది.

గాలి దాని అరచేతికి తగిలింది కాబోలు. పింకీ విరగబడి నవ్వి, నా వైపు తిరిగింది. నేను చెప్పలా అన్నట్టు వేలు నా మీదికి ఊపింది.

ఆ మాట జాలితో అన్నదో, తప్పించుకోవడానికి అన్నదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. "ఆదివారంలోపు ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నాను, బయటికి వేలు చూపించి.

"అలాగేనండీ భూలక్ష్మి గారూ" అన్నది.

వాళ్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు పోయారు. ట్రాలీ ఆటోలో సామాన్లు ఎక్కిస్తుంటే పింకీ ఒక్కో గిన్నే పట్టుకుని కిందికి దించేది. ఆటో కదిలాక వెంటపడి సందు మలుపు దాకా పరుగెత్తింది. నేను పోయి ఎత్తుకు వస్తే నా భుజం మీద కొరికింది. ఖాళీ చెయ్యమని నేను వేలు చూపించడం అది చూసింది. దానికి తెలిసింది అంతే. టీచర్ పొద్దు అన్నది, అమ్మ పొమ్మన్నది.

"జర చెప్పరాదే దానికి, అసలు సంగతి" అన్నాడు నరేందర్. ఆయన ముఖం కూడా చూడలేకపోతున్నాను, మీసం ఇంకా సగమే మొలిచింది.

ఎలా చెప్పను? చెప్పాలంటే ముందు ఆ మాట నేర్పాలి. దాని చెయ్యి నా ముక్కు మీద పెట్టి అదిరించాలి. ఆ మాటకు అర్థం ఏమిటో, ఎవరిని అంటారో, నిన్నెందుకు అన్నారో వరసగా నేర్పాలి. మీ నోట వస్తుందా? నా నోట రాలేదు. ఆమె మంచిదిగానే ఉండనీ, పాడుదాన్ని నేనే అవుతాను అనుకున్నాను.

తొలి వానలు పడ్డాక, నేను ఒప్పుకున్న ప్రకారమే, పట్నం హాస్టల్‌కు తీసుకుపోయాం. ట్రంకుపెట్టె నరేందర్ మోశాడు. అక్కడి పెద్ద మేడం పింకీని కిటికీ దగ్గర వెలుగులో నిలబెట్టి, పేరేమిటని మెల్లగా అడిగింది.

"పింకీ."

మేడం ఆశ్చర్యపోయింది. "బాగా చెప్తున్నది! ఎవరు నేర్పిండ్రమ్మా నీకు?" అని మళ్లీ దాన్నే అడిగింది.

వారం రోజులుగా ఉలకని పలకని పిల్ల, రొమ్ము విరుచుకుని నిలబడింది. "పుణ్యవతి టీచర్" అన్నది. ఎంత స్పష్టంగా అన్నదో! అమ్మ అని కూడా అంత స్పష్టంగా ఎప్పుడూ అనలేదు.

"ఇట్లాంటి టీచర్లు ఊరికొకరుంటే పిల్లలను ఇంత దూరం తెచ్చే బాధే ఉండకపోయేది గదమ్మా" అన్నది మేడం నాతో.

నరేందర్ నా వైపు చూశాడు. "అవునమ్మా" అన్నాను.

బయలుదేరే ముందు పింకీ ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాను. వెలుగు నా ముఖం మీద పడేటట్టు తిరిగాను. "పోయొస్త బిడ్డా. శనివారం వస్త. ఏడ్వకు" అన్నాను. అది తల పక్కకు తిప్పుకుంది. నేను ఆ పక్కకు జరిగి మళ్లీ చెప్పాను. ఇటు తిప్పుకుంది. రెండు చేతులతో దాని ముఖం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

అది కళ్లు గట్టిగా మూసుకుంది. నేను చెబుతూనే ఉన్నాను.